వేడి టీకి పొడి, ఐస్ టీకి ఆకు

మా వంటింట్లో టీ డబ్బాలు రెండు. ఒకదాంట్లో సన్నటి డస్ట్ టీ, పాల టీకి. రెండో దాంట్లో నీలగిరి కొండల టీ ఆకు, ఐస్ టీకి. ఒకదాని పని రెండో దానితో చేయించబోయి చాలాసార్లు టీ పాడుచేసుకున్నాక పెట్టుకున్న ఏర్పాటిది.

ముందు అల్లం టీ, ఇద్దరికి.

1. అంగుళం అల్లం ముక్క కచ్చాపచ్చాగా దంచి, కప్పు నీళ్లలో వేసి రెండు నిమిషాలు మరిగించండి. పచ్చి అల్లం నేరుగా పాలలో పడితే ఒక్కోసారి విరిగిపోతాయి. పాలను విరగ్గొట్టే ఎంజైమ్ అల్లంలోనే ఉంది, మరిగితే దాని జోరు పోతుంది. తప్పు ప్రతిసారీ పాలది కాదు.

2. రెండు చెంచాల పొడి వేసి, సన్నటి సెగ మీద ఇంకో రెండు నిమిషాలు. నా పట్టింపల్లా ఇక్కడే: పొడి నీళ్లలోనే మరగాలి. పాలలో వేసిన పొడి నా నాలుకకు ఎప్పుడూ చప్పగానే ఉంది.

3. కాచిన పాలు ఒక కప్పు, వేడిగానే పోయండి. ఒక పొంగు రాగానే సెగ తగ్గించి, రెండో పొంగుకు దించేయండి. పంచదార అప్పుడే. వెంటనే వడకట్టాలి, పిప్పితో పాటు ఉంచితే వగరెక్కుతుంది. మిగిలిన టీని మళ్లీ వేడిచేసి ఎవరికీ ఇవ్వకండి.

పాలు ఇంకా చిక్కగా కావాలంటే హైదరాబాదు ఇరానీ హోటళ్ల పద్ధతి ఉంది. డికాషన్ వేరే, మరిగి మరిగి చిక్కబడ్డ పాలు వేరే, రెండూ కప్పులోనే కలుస్తాయి.

ఐస్ టీకి ఇంత హడావిడి లేదు, ఓపిక ఉంటే చాలు. లీటరు చల్లటి మంచినీళ్లలో 10 గ్రాముల ఆకు వేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఎనిమిది గంటలు ఉంచండి. మే నెలంతా నేను రాత్రి పడుకోబోయే ముందు నానబెట్టి, పొద్దున్నే వడకడతాను. చన్నీళ్లలో వగరు తక్కువ దిగుతుంది, అందుకే టీ తేటగా, తియ్యగా తోస్తుంది.

వేడి డికాషన్‌ను ఫ్రిజ్‌లో పెడితే మడ్డిగా మారడం మీరు చూసే ఉంటారు. చల్లబడేటప్పుడు టీలోని కెఫీన్, వగరు పదార్థాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చెడిపోయిందని పారబోయకండి, కాసిని వేడి నీళ్లు కలిపితే తేటపడుతుంది. నీలగిరి ఆకుతో ఈ బెడద తక్కువ, నేను దాన్ని ఎంచుకున్నది అందుకే.

చుట్టాలు అప్పటికప్పుడు వస్తే? ఆకు రెట్టింపు వేసి, మరిగిన నీళ్లు పోసి, నాలుగు నిమిషాలకు వడకట్టి, గ్లాసు నిండా ఉన్న ఐసు మీద పోయండి. ఐసు కరిగి చిక్కదనం సరిపోతుంది.

చల్లటి టీలో పంచదార సరిగా కరగదు. సమానంగా నీళ్లు కలిపి కాచిన పల్చటి పాకం సీసాలో ఉంచుకోండి. నిమ్మరసం అన్నిటికన్నా చివర, గ్లాసుకు అర చెంచా. అది పడగానే ఎర్రటి టీ తేనె రంగుకు తిరుగుతుంది. పిల్లలకు ఆ గ్లాసు మీరే కలిపి ఇవ్వకండి, నిమ్మచెక్క వాళ్ల చేతికిచ్చి పిండనివ్వండి.