రామ్ చేప మూలకు చేరిందా? ముందు నీళ్లు చూడండి

సిక్లిడ్లనే చేపల కుటుంబంలోని మరుగుజ్జు రకాల్లో మన దగ్గర అక్వేరియం తొట్టుల్లో ఎక్కువగా పెంచే రామ్, అపిస్టోగ్రామా (అపిస్టో) రెండూ దక్షిణ అమెరికా చేపలు. లవణాలు తక్కువగా ఉండి, కాస్త ఆమ్లగుణం గల నీళ్లకు అలవాటు పడ్డవి. హనుమకొండలో మా బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లటి పొర కడుతుంది, అంటే వాటిలో లవణాలు ఎక్కువ. చేప డీలా పడగానే మందు సీసా వెతికే అలవాటు నాకూ ఉండేది. ఇప్పుడు ముందుగా థర్మామీటరు, నీళ్లను పరీక్షించే టెస్ట్ కిట్ తీస్తాను.

కొత్త తొట్టిలో పది రోజులకే రంగు వెలిసి, మేత మానేసింది

చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకూ ఆ విషం నీళ్లలోనే ఉంటుంది. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8కి చేరితే అమ్మోనియాలో హాని చేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది కనుక పీహెచ్ ఎక్కువున్న బోరు నీళ్ల తొట్టిలో దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించేదాకా రోజూ పావు వంతు నీళ్లు మార్చండి, మేత తగ్గించండి. తెలిసినవారి పాత తొట్టి నుంచి ఆ బ్యాక్టీరియా ఉన్న ఫిల్టర్ స్పాంజి ముక్క దొరికితే తెచ్చి ఫిల్టర్‌లో పెట్టండి.

పాత తొట్టిలో ఇలా జరిగితే ఫిల్టర్ ఎలా కడిగారో గుర్తు చేసుకోండి. ఒకసారి నేను స్పాంజిని నల్లా కింద పట్టి మురికి చుక్క లేకుండా పిండాను. దానితో పాటే బ్యాక్టీరియా కూడా పోయింది. మూడో రోజుకు రామ్ జతలో ఆడది చనిపోయింది. ఇప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి వదిలేస్తాను.

మే నెలలో నీటి పైకి వచ్చి నోరు తెరుస్తోంది

నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు కావలసింది పెరుగుతుంది. రామ్ 30 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. చాలా రకాల అపిస్టోలకు 27, 28 దాటితే ఇబ్బందే. ఐసు గడ్డలు వేయకండి, వేడి ఉన్నట్టుండి పడిపోవడం ఇంకా ప్రమాదం. మూత తీసి వల కప్పి, నీటి మీదుగా టేబుల్ ఫ్యాను పెట్టండి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉండాలి. మధ్యాహ్నం పూట మిద్దె మీది ట్యాంకు నీళ్లు నేరుగా పోయడమంటే చేపల పులుసుకు ఎసరు పెట్టడమే.

ఫ్యానుతో ఒక చిక్కుంది. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే జూన్ నాటికి నీళ్ల కాఠిన్యం (కరిగిన ఖనిజాల మోతాదు) బాగా పెరిగిపోతుంది. ఆవిరైనంతా ఆర్‌ఓ నీళ్లతో నింపండి. వారం వారం మార్చే నీళ్లకు మాత్రం ఉత్త ఆర్‌ఓ వాడకూడదు, అందులో ఖనిజాలు దాదాపు ఉండవు. నేను రెండు వంతుల ఆర్‌ఓకు ఒక వంతు బోరు కలుపుతాను.

డిసెంబరులో ఒంటిమీద రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు

చలికి నీరసించిన చేపకు పట్టే పరాన్నజీవి ఇది. హీటరుతో వేడిని రెండు రోజుల్లో మెల్లగా 30 డిగ్రీలకు (అపిస్టోలుంటే 28 దాకానే) తెచ్చి, తెల్లచుక్క మందు వేయండి. చేపను వదిలి నీళ్లలో ఈదే దశలోనే ఆ జీవి మందుకు చస్తుంది. అందుకే చుక్కలు రాలిపోయిన రోజే మందు ఆపితే మళ్లీ వస్తుంది.

మేత ఉమ్మేస్తోంది, మలం తెల్లటి దారంలా ఉంది

ఒక్కరోజు కనిపిస్తే కంగారు వద్దు, పస్తున్న చేపకూ అలాగే ఉంటుంది. రోజుల తరబడి సాగి, పొట్ట లోపలికి పోతే పేగుల్లో పరాన్నజీవులు ఉన్నాయని అనుమానించాలి. వేరే తొట్టిలో ఉంచి, మెట్రోనిడజోల్ మోతాదు పశువైద్యుణ్ణి అడిగి మేతలో కలపండి. మలద్వారం నుంచి ఎర్రటి సన్నని పోగులు వేలాడితే అవి పురుగులు. వాటికి లెవమిసోల్, అదీ తొట్టి మొత్తానికి, రెండు మూడు వారాలకు మరోసారి.

మగ అపిస్టో రెక్కలు చిరిగాయి

రెక్కల కుళ్లు అనుకునే ముందు ఆడదాన్ని చూడండి. పసుపు పూసుకున్నట్టు మెరిసిపోతూ, తొట్టిలో గుహలా పెట్టిన కొబ్బరి చిప్ప దగ్గర కాపలా కాస్తోందా? లోపల గుడ్లున్నాయి, అందుకే మగదాన్ని కొరికి తరుముతోంది. చిన్న తొట్టి అయితే మొగుణ్ణి ఇంకో తొట్టికి మార్చండి.