చెక్ చిన్న లీగుల పాత మైదానాలకు బయలుదేరే ముందు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో చదువుతున్న మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, మార్చిలో చెక్ ఫుట్‌బాల్ ఆటలు మళ్లీ మొదలవుతాయి కదా, ఈసారి కూడా నన్ను తీసుకెళ్లు" అన్నాడు. పోయినసారి వాడు ఒక మూతపడ్డ మైదానం గోడ దూకబోయి చీలమండ బెణికించుకున్నాడు. ఆదివారం సాయంత్రం, ఊళ్లో మనిషి అలికిడి లేదు. స్టేషన్ దాకా రెండు కిలోమీటర్లు వాడు నా భుజం మీద చెయ్యేసి కుంటుకుంటూ నడిచాడు. అప్పటినుంచి ఎవరు అడిగినా నేను ముందు చెప్పే మాట ఒకటే: ఆట ఉన్న రోజే వెళ్లండి, గేటు గుండానే వెళ్లండి. ఆట జరుగుతున్న పాత మైదానంలో దాదాపు ఏ ప్రమాదమూ ఉండదు. ఎవరూ లేని పాత మైదానం మాత్రం నిజంగా ప్రమాదకరమే.

చెక్ రిపబ్లిక్‌లో పై నుంచి మూడో అంచెలో లీగు ప్రాంతాల వారీగా చీలుతుంది. దేశం పడమటి భాగమైన బొహేమియా ఒక వైపు, తూర్పున ఉన్న మొరావియా, సిలేసియాలు కలిపి ఇంకో వైపు. ఆ కింద 'దివిజె' అనే నాలుగో అంచె, ఇంకా కింద ప్రాంతీయ, జిల్లా లీగులు. ఒకప్పుడు వేలమంది నిలబడి చూసిన గట్లు, చెక్క బెంచీలు, రేకుల కప్పుతో చిన్న గ్యాలరీలు ఇంకా మిగిలి ఉన్నది ఈ అంచెల్లోనే. వాటిని బతికిస్తున్నది జీతం లేకుండా గడ్డి కోసే, గీతలు గీసే, టికెట్లు చింపే ఊరి పెద్దలు. మ్యాచ్ రోజున ఎక్కడ మెట్టు విరిగిందో, ఏ రెయిలింగు ఊడిందో వాళ్లకు తెలుసు, అక్కడ తాడు కడతారు. మ్యాచ్ లేని రోజు ఆ తాడు ఉండదు.

ప్రాగ్‌లోని స్త్రాహొవ్‌ని చూడాలని అందరికీ ఉంటుంది. 1926లో కట్టడం మొదలైన ఆ స్టేడియంలో రెండు లక్షలమందికి పైగా పట్టేవారు. ఫుట్‌బాల్ కోసం కట్టింది కాదది, వేలమంది ఒకేసారి చేసే వ్యాయామ ప్రదర్శనల కోసం కట్టారు. ఇప్పుడు లోపలి నేలంతా స్పార్టా క్లబ్ శిక్షణ మైదానాలు. చుట్టూ ఉన్న కాంక్రీటు మాత్రం ఏళ్ల తరబడి వానకు నాని, చలికి గడ్డకట్టి పగిలిపోతోంది. పగుళ్లలోకి చేరిన నీళ్లు మంచుగా మారితే వ్యాకోచిస్తాయి కాబట్టి, ప్రతి చలికాలం తర్వాత మెట్లు ఇంకాస్త వదులవుతాయి. మార్చిలో పాత గ్యాలరీలు చూడబోయేవారు ఇది గుర్తుంచుకోవాలి. పోయిన అక్టోబరులో గట్టిగా ఉన్న మెట్టు ఇప్పుడు గట్టిగా ఉందని లెక్క కాదు. నాచు పట్టిన మెట్టు మీద అడుగు పెట్టే ముందు కాలితో నొక్కి చూడండి. తుప్పు రెయిలింగును ఆసరా చేసుకోకండి.

బ్ర్నో నగరంలోని 'జా లుజాన్‌కమి' స్టేడియం కథ మరీ మనసు పట్టి లాగుతుంది. 1996లో ప్రాగ్ క్లబ్ స్లావియాతో మ్యాచ్‌కి 44 వేలమందికి పైగా వచ్చిన మైదానమది. 2001లో మూతపడ్డాక గ్యాలరీల్లో చెట్లు మొలిచాయి. 2015లో పేత్ర్ ష్వాన్‌చారా అనే ఆటగాడి వీడ్కోలు మ్యాచ్ కోసం అభిమానులే వచ్చి ఆ చెట్లు కొట్టి, చెత్త ఎత్తి, ఒక్క రోజు కోసం దాన్ని నిలబెట్టారు. ముప్పై వేలమందికి పైగా వచ్చారు. ఆ కథ విన్న ప్రతివాడికీ లోపలికి వెళ్లి నిలబడాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. అయినా బయటి నుంచి చూసి వచ్చేయండి. అలాంటి చోట కాలు జారితే కేక వినేవాడు ఉండడు.

సరే, ఆట ఉన్న రోజే వెళ్లాలంటే ఆట ఎక్కడ, ఎప్పుడు అన్నది తేల్చుకోవాలి. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మార్చిలో అసలు మైదానం బురదగా ఉంటే మ్యాచ్‌ని పక్కనున్న కృత్రిమ గడ్డి మీదకు, ఒక్కోసారి పక్క ఊరికి మార్చేస్తారు. 'ఉమేలా త్రావా' అన్న మాట కనిపిస్తే అదే. అంటే మీరు నాలుగు గంటలు ప్రయాణం చేసి వెళ్తే, 1930ల నాటి చెక్క గ్యాలరీకి తాళం వేసి ఉంటుంది, వెనకాల పచ్చ తివాచీ మీద తీగ కంచె అవతల ఆట నడుస్తుంటుంది. 'ఒద్లొజెనొ' అని ఉంటే మ్యాచ్ వాయిదా పడినట్టు. చెక్ ఫుట్‌బాల్ సంఘం అధికారిక వెబ్‌సైటులో చిన్న జిల్లా లీగుల దాకా సమయాలు, మైదానాల పేర్లు ఉంటాయి. ముందురోజు అక్కడ చూడండి, బయలుదేరే ఉదయం ఆ క్లబ్ ఫేస్‌బుక్ పేజీ చూడండి. రెండూ చూడాలి. గడ్డి మైదానమే ముఖ్యం అనుకునేవాళ్లు ఏప్రిల్ రెండో వారం దాకా ఆగితే మేలు.

వేళల సంగతి. ప్రాగ్‌లో శని, ఆదివారాల్లో ఉదయం 10:15కి ఆట మొదలుపెట్టడం పాత అలవాటు, ఇప్పటికీ చాలా క్లబ్బులు పాటిస్తాయి. ఆ వేళకి జిజ్కొవ్ లాంటి పేటలో ట్రామ్ దిగి, టిఫిన్ వేళకే ఫుట్‌బాల్ చూడటం ఒక ఆనందం. కానీ మార్చి చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. చేతి గడియారం నమ్ముకుంటే రెండో సగానికి చేరతారు. ఊళ్లలో చాలా మైదానాలకు ఫ్లడ్‌లైట్లు ఉండవు కాబట్టి పొద్దును బట్టి ఆట వేళ మారుతూ ఉంటుంది, మార్చిలో మధ్యాహ్నం, జూన్‌లో సాయంత్రం ఐదు. పోయిన నెల వేళను ఈ నెలకు అనుకోకండి.

తిరుగు ప్రయాణం ముందు, వెళ్లే ప్రయాణం తర్వాత. నేను ఎప్పుడూ ఆ క్రమంలోనే చూసుకుంటాను. వారాంతంలో పల్లె బస్సులు చాలా తక్కువ. స్టాపు దగ్గర అంటించిన టైంటేబుల్లో ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు సుత్తుల గుర్తు ఉంటే ఆ బస్సు పనిదినాల్లోనే, సిలువ గుర్తు ఉంటే ఆదివారాలు, సెలవు రోజుల్లో. 6 అంకె ఉంటే శనివారం. సుత్తులు చూడకుండా సాయంత్రం ఆరున్నర బస్సు కోసం నిలబడి, చీకట్లో రోడ్డు పక్కన నడిచినవాణ్ణి నేను. చెక్ పల్లె రోడ్లకు పక్కన నడిచే దారి చాలాచోట్ల ఉండదు. చీకటి పడ్డాక ఊరి బయట నడిచేవారు వెలుగు పడితే మెరిసే పట్టీ వేసుకోవాలని అక్కడ చట్టమే ఉంది. పది రూపాయల వస్తువు, సంచిలో పడేసుకోండి.

చిన్న స్టేషన్లలో రైలు అడిగితేనే ఆగుతుంది. టైంటేబుల్లో చిన్న అడ్డగుర్తు ఉంటుంది, దాన్ని 'నా జ్నమెనీ' అంటారు. పెట్టెలో బటన్ నొక్కాలి, లేదా కండక్టరుకు ముందే చెప్పాలి. ప్లాట్‌ఫారం మీద ఉంటే డ్రైవరుకు కనబడేలా నిలబడాలి. 'విలుకా' అన్న మాట కనిపిస్తే పట్టాల పని జరుగుతోందని, రైలు బదులు బస్సు నడుస్తుందని అర్థం. ఆ బస్సు స్టేషన్ ముందే ఆగుతుందన్న నమ్మకం లేదు, ఎక్కడ ఆగుతుందో అడిగి తెలుసుకోండి. ప్రాగ్‌లో కాగితం టికెట్ కొంటే పసుపు యంత్రంలో ముద్ర కొట్టుకోండి. ముద్ర లేని టికెట్ ఉన్నా లేనట్టే.

జర్మనీలో ఉంటున్న మనవాళ్లు చాలామంది రెసిడెన్స్ కార్డు ఒక్కటే జేబులో పెట్టుకుని బయలుదేరతారు. పాస్‌పోర్టు కూడా ఉండాలి. జర్మనీ 2023 అక్టోబరు నుంచి చెక్ సరిహద్దులో తనిఖీలు పెట్టింది. తిరిగి వచ్చే రైల్లో పోలీసులు ఎక్కి పత్రాలు అడగొచ్చు. ఫోన్లో ఫొటో చూపిస్తే చాలదు. ఇండియా నుంచి షెంగెన్ వీసాతో వచ్చేవారు ప్రయాణ బీమా కాగితం ఒకటి అచ్చు తీసి దగ్గర పెట్టుకోండి.

గేటు దగ్గర 'పొక్లద్నా' అని చిన్న కిటికీ, లేదా ఉత్త బల్ల, దాని వెనక ఒక పెద్దాయన. నాలుగో అంచె, ఆ కింద టికెట్ సాధారణంగా యాభై నుంచి వంద చెక్ క్రౌన్లు. కార్డు తీసుకోకపోవచ్చు, యూరోలు అసలే వద్దంటారు, రెండు వేల నోటుకు చిల్లర ఉండదు. ఏటీఎం మీకు రూపాయల్లోనో యూరోల్లోనో లెక్క చూపించి ఒప్పుకోమంటుంది, వద్దని క్రౌన్లలోనే తీసుకోండి. ప్రాగ్‌లో వీధి మారకపు దుకాణంలో మోసపోయామనిపిస్తే, 2019 నుంచి ఉన్న చట్టం ప్రకారం మూడు గంటల్లోపు వెనక్కి వెళ్లి ఆ మారకాన్ని రద్దు చేయించుకోవచ్చు. రసీదు పారేయకండి.

ఇక రంగులు. పల్లె మ్యాచ్‌కు వందమంది వస్తారు, అక్కడ ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. కానీ ప్రత్యర్థి ఎవరో చూసుకోండి. స్పార్టా, స్లావియా, ఓస్త్రవాకి చెందిన బానిక్ లాంటి పెద్ద క్లబ్బుల రెండో జట్లు కింది లీగుల్లో ఆడతాయి, ఒకప్పుడు పెద్దవైన క్లబ్బులు కిందకు జారి ఉంటాయి. ఆ రోజుల్లో పోలీసు వ్యాన్లు, మండే ఫ్లేర్లు, అతిథి అభిమానులకు వేరే కంచె ఉంటాయి. ముందురోజు ప్రాగ్‌లో కొన్న ముదురెరుపు స్పార్టా మఫ్లరు మెడలో ఉండగా ఓస్త్రవా వైపు రైలెక్కకండి. రంగులేని జాకెట్టే మంచిది. గోలు వెనక డ్రమ్ములు, జెండాలు ఉన్న చోటును 'కొతెల్' అంటారు, అంటే కాగే డేగిశా. అక్కడ నిలబడి వాళ్ల ముఖాలు ఫొటోలు తీయడం గొడవకు మొదలు. పిల్లల మ్యాచ్ అయితే ఫొటోకు ముందు ఎవరినైనా అడగండి.

మన రంగు గురించి కూడా చెప్పాలి. నేను తిరిగిన మైదానాల్లో ఎక్కువచోట్ల 'దొబ్రీ దెన్' అన్నాక చేతికి బీరో టీయో అందింది, పాత టీము ఫొటోలు చూపించారు. ఒకచోట మాత్రం తాగి ఉన్న ఇద్దరు కోతి అరుపులు అరిచారు. నేను జవాబివ్వలేదు. టికెట్ చింపిన పెద్దాయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాను, ఆయనే వాళ్లను బయటకు పంపాడు. ఒంటరిగా వాదించకండి. క్లబ్ మనుషులకు చెప్పండి, మాట దాటితే పోలీసు నంబరు 158కి ఫోన్ చేయండి. ఆ రోజు తలవంచుకోవాల్సింది మీరు కాదు.

తిండి సంగతి క్లుప్తంగా: కాల్చిన సాసేజీ, ఆవాల ముద్ద, రొట్టె. అందులో పందిమాంసం ఉంటుంది. శాకాహారులు ఇంటి నుంచే పులిహోరో చపాతీలో తెచ్చుకోండి. కారులో వచ్చినవాళ్లు బీరు ముట్టుకోకండి, చెక్ చట్టంలో డ్రైవరుకు అనుమతి సున్నా.

నేను అన్నిటికన్నా భయపడేది మాత్రం పిడుదులకు. మన ఊళ్లో పశువులకు పట్టే గోమార్ల జాతి పురుగే. పాత మైదానాల్లో గ్యాలరీ బదులు గడ్డి గట్టు ఉంటుంది, దాని వెనక పొదలు, అడవి అంచు. చలి తగ్గి నాలుగు రోజులు ఎండ కాస్తే పిడుదులు గడ్డి కొసలకు ఎక్కి కూర్చుంటాయి. చిన్నవి గసగసాల గింజంత ఉంటాయి, కుట్టినప్పుడు నొప్పి తెలియదు. ఐరోపాలో పిడుదుల ద్వారా వచ్చే మెదడువాపు ఎక్కువగా ఉన్న దేశాల్లో చెక్ ఒకటి. ఆ వైరస్ కుట్టిన కాసేపటికే ఒంట్లో చేరుతుంది, దానికి ప్రత్యేకమైన మందు లేదు, టీకా ఉంది. మొదటి రెండు డోసుల మధ్య మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు, మూడోది ఇంకొన్ని నెలలకు. కాబట్టి మే నెల ప్రయాణానికి ఫిబ్రవరిలోనే మీ డాక్టరును అడగాలి. పిడుదులే తెచ్చే ఇంకో జబ్బు, లైమ్ జబ్బుకు అక్కడ మామూలుగా వేసే టీకా లేదు. కానీ ఆ బ్యాక్టీరియా ఒంట్లోకి దిగడానికి చాలా గంటలు పడుతుంది కాబట్టి, త్వరగా పీకేస్తే ముప్పు బాగా తగ్గుతుంది.

గట్టు మీద కూర్చునే ముందు ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకోండి, కింద లేత రంగు దుప్పటి పరచుకోండి, దాని మీద పాకేది కనబడుతుంది. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, చంకలు, గజ్జలు, చెవుల వెనక, జుట్టు మొదళ్లు చూసుకోండి. అంటుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. నూనె, కిరసనాయిలు, సిగరెట్టు మంట వద్దు. తేదీ రాసి పెట్టుకోండి. తర్వాతి వారాల్లో కుట్టిన చుట్టూ ఎర్రటి వలయం పెరుగుతున్నా, జ్వరం, తలనొప్పి వచ్చినా ఆ తేదీ డాక్టరుకు చెప్పాలి.

ఫోన్లో రెండు పనులు ముందే చేసుకోండి. వెళ్లే ప్రాంతపు మ్యాపును ఇంటర్నెట్ లేకున్నా తెరుచుకునేలా దించుకోండి. 'జాఖ్రాన్కా' అనే చెక్ అంబులెన్సు సేవల యాప్ పెట్టుకోండి, ఆపదలో నొక్కితే మీరున్న చోటును అదే పంపిస్తుంది. ఇది ఎందుకంటే చాలా చెక్ పల్లెల్లో వీధి పేర్లే ఉండవు, ఇంటి నంబర్లే. మైదానానికి అదీ ఉండదు. అంబులెన్సు నంబరు 155, ఏ ఆపదకైనా 112. మా తమ్ముడు చీలమండ పట్టుకుని కూర్చున్న రోజు ఎక్కడున్నామో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఈసారి బయలుదేరే ముందు వాడి ఫోన్లో ఆ యాప్ పెట్టించాను. ఏప్రిల్ మూడో ఆదివారం, ఉదయం 10:15 ఆట, టికెట్ కొని గేటు గుండా వెళ్తాం.