డ్యూన్ బగ్గీ బాగుచేత: 3వ పాఠం – ఇంజన్ దించాక పని ఎందుకు పెరుగుతుంది

డ్యూన్ బగ్గీ అంటే ఇసుక దిబ్బల మీద నడపడానికి కట్టుకునే తేలికపాటి కారు. మొదటి పాఠంలో కాగితాలు చూసుకుని, టన్నెల్ (బండి అడుగున మధ్యలో పొడవునా ఉండే బోలు గట్టు) మీద చెక్కిన ఛాసిస్ నంబరుతో సరిచూశాం. రెండో పాఠంలో ఫైబర్‌గ్లాస్ బాడీని విప్పి పక్కన పెట్టాం. అప్పటికి మన జాబితాలో ఉన్నవి మూడే పనులు: బాడీకి రంగు, కొత్త సీట్లు, ఇంజన్‌కూ గేరుబాక్సుకూ మధ్య కారుతున్న ఆయిల్ ఆపడం. ఈ పాఠంలో మూడో పని మొదలుపెడదాం. తీగ లాగితే డొంకంతా కదిలేది ఇక్కడే.

ముందు ఈ బళ్ల పుట్టుక గురించి రెండు మాటలు. కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో ఫైబర్‌గ్లాస్ పడవలు తయారుచేసే బ్రూస్ మేయర్స్ 1964లో తొలి మేయర్స్ మ్యాంక్స్ బగ్గీని కట్టాడు. ఆ తర్వాత వచ్చిన మ్యాంక్స్ కిట్లకు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు అడుగు చట్రమైన ఫ్లోర్ పాన్‌నే తీసుకుని, 14¼ అంగుళాలు, అంటే 362 మి.మీ. కోసి పొట్టి చేసి వాడేవారు. బాడీ కిట్టుగా వచ్చేది. కోయడం, అతకడం, బిగించడం కొన్నవాడి పని. ఆ రూపాన్ని అనుకరిస్తూ ఎన్నో కంపెనీలు కిట్లు అమ్మాయి. కాబట్టి ఈ బళ్లలో చాలావాటిని ఫ్యాక్టరీ కట్టలేదు. యాభై ఏళ్ల కిందట ఎవరో తన గరాజులో, తనకు తెలిసినంతలో, తన దగ్గరున్న పనిముట్లతో కట్టాడు. బీటిల్ మాన్యువల్ మనకు ఇంజన్ గురించి చెబుతుంది. ఆ మనిషి వెల్డింగు ఎలా చేశాడో మాత్రం చెప్పదు. మన అంచనా తప్పేది ఆ చోటే. విప్పకముందు వేసుకున్న జాబితా ఊహ. కొలిచాక రాసుకున్నదే జాబితా.

ఈ పాఠాల్లో నమూనాగా 1967 బీటిల్ పాన్ మీద కట్టిన పొట్టి బగ్గీని తీసుకుంటున్నాం. 12 వోల్టులు, స్వింగ్ యాక్సిల్ (గేరుబాక్సు దగ్గర మాత్రమే కీలుండి ఊగే వెనక ఇరుసు), తర్వాతెవరో ఎక్కించిన 1600 సీసీ ఇంజన్. మీ బండి వేరే ఏడాదిదైతే కొన్ని కొలతలు మారతాయి, పద్ధతి మారదు.

పనిముట్లలో ఒక జాగ్రత్త. ఈ బండిలో అంతా మిల్లీమీటర్ల లెక్క. అమెరికాలో అంగుళాల పానాల సెట్టు కొనుక్కున్నవాళ్లు దాన్ని పక్కన పెట్టండి, నట్ల మూలలు అరిగిపోతాయి. 10, 13, 14, 17, 19 పానాలు, ఒక 36 మి.మీ. సాకెట్టు కావాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న పాత పానాలు ఉంటే ఇక్కడ చక్కగా పనికొస్తాయి.

ఇంజన్ దించడం

బ్యాటరీ తీగ తీసెయ్యండి. పెట్రోలు గొట్టం నొక్కి మూసి ఊడదీయండి. కార్బురేటరు దగ్గర యాక్సిలరేటర్ కేబుల్, కాయిల్, డైనమో, ఆయిల్ ప్రెషర్ తీగలకు చీటీలు కట్టి విప్పండి. ఇంజన్‌ను గేరుబాక్సుకు పట్టి ఉంచేవి నాలుగే, అన్నీ 17 మి.మీ.వి. కింది రెండూ ముందు విప్పాలి, జాకీ ఇంజన్ కిందకు చేర్చి బరువు దానిమీద పడ్డాకే పైరెండూ తీయాలి. తర్వాత తిన్నగా వెనక్కు, ఓ 10 సెం.మీ. దాకా లాగితే గేరుబాక్సు షాఫ్ట్ క్లచ్చిలోంచి బయటపడుతుంది. ఈ 10 సెం.మీ. లాగేటప్పుడు జాకీ కాస్త దిగినా, ఇంజన్ బరువంతా షాఫ్ట్ మీద వేలాడి క్లచ్చి ప్లేటు మధ్యభాగం వంగిపోతుంది. బయటికి కనిపించదు. బిగించి, రోడ్డెక్కాక క్లచ్చి సరిగా విడవకపోతే అప్పుడు తెలుస్తుంది. అందుకే ఇద్దరుండాలి, ఒకరి కన్ను ఎప్పుడూ రెంటి మధ్య సందు మీదే ఉండాలి. సందు పైనా కిందా ఒకేలా ఉందంటే ఇంజన్ తిన్నగా వస్తున్నట్టే.

ఆ ఆయిల్ ఎవరిది?

గేరుబాక్సు గంట (ఇంజన్ వచ్చి బిగిసే గంట ఆకారపు భాగం) లోపల తడిని వేలితో తీసి వాసన చూడండి. పలచగా, నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్. చిక్కగా, గంధకం కంపు కొడితే గేరాయిల్, అంటే తప్పు గేరుబాక్సు షాఫ్ట్ సీలుది. రెండోదైతే పని చిన్నది. మొదటిదైతే ఇంజన్ చివరి బరువైన చక్రమైన ఫ్లైవీల్ వెనకున్న సీలు అనుకుని కొత్తది కొట్టేసి మూసేస్తారు చాలామంది. నెల తిరగకుండా మళ్లీ కారుతుంది. సీలు ఎందుకు పోయిందో కొలవకపోవడమే కారణం.

ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ ముందుకూ వెనక్కూ కదిలే కదలికను ఎండ్ ప్లే అంటారు. ఉండవలసింది 0.07 నుంచి 0.13 మి.మీ. 0.15 దాటితే ఒప్పుకోకూడదు. పుల్లీని రెండు చేతులా పట్టి లాగి తోస్తే చేతికి టక్కుమని తగిలిందంటే కొలవకముందే హద్దు దాటిందని అనుమానించవచ్చు. కానీ చేతిని నమ్మకండి. క్లచ్చి విప్పి, సన్న కదలికలు కొలిచే డయల్ గేజిని ఇంజన్ కేసుకున్న స్టడ్‌కు బిగించి, ముల్లు ఫ్లైవీల్ ముఖానికి ఆనించి, షాఫ్ట్‌ను ఇటూ అటూ తోసి చదవండి.

ఎక్కువ వచ్చిందనుకుందాం. కారణాలు మూడు, వాటి ఖర్చుల మధ్య తేడా మటుకు నేలకూ నింగికీ ఉంది.

మొదటిది, సందు సరిచేసే పలచని ఉంగరాలైన షిమ్‌లు తప్పు. ఫ్లైవీల్‌కూ ఒకటో మెయిన్ బేరింగుకూ మధ్య మూడు ఉక్కు షిమ్‌లుండాలి. రెండో మూడో తెలియక రెండే వేసి కట్టిన ఇంజన్లు దొరుకుతాయి. రెండోది, ఫ్లైవీల్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు పట్టి ఉంచే గ్లాండ్ నట్ వదులు. అది వదులైతే ఫ్లైవీల్ తనను జారకుండా పట్టే డోవెల్ పిన్‌ల మీద ఆడి ఆడి రంధ్రాలను కోడిగుడ్డు ఆకారం చేస్తుంది. ఫ్లైవీల్ తీశాక ఆ రంధ్రాల అంచు చూడండి. గుండ్రంగా కాక సాగినట్టుంటే ఆ ఫ్లైవీల్ పనికిరాదు, క్రాంక్‌షాఫ్ట్ వైపు రంధ్రాలూ చూసుకోవాలి. మూడోదే పెద్దది. షిమ్‌లు తీసేసి షాఫ్ట్‌ను ఇటూ అటూ తోస్తూ ఒకటో బేరింగు అంచు మీద దృష్టి పెట్టండి. షాఫ్ట్ కదిలి బేరింగు కదలకపోతే సంతోషం. షాఫ్ట్‌తో పాటు బేరింగు కూడా కదిలితే, మెగ్నీషియం కేసులో దాని గూడు అరిగిపోయిందన్నమాట. దానికి ఏ షిమూ మందు కాదు. ఇంజన్ పూర్తిగా విప్పి కేసును మెషిన్ షాపుకు పంపాలి, లేదా కేసే మార్చాలి. ఆయిల్ సీలు మార్చుదామని దించిన ఇంజన్ ఓవర్‌హాల్‌కు వెళ్లే దారి ఇదే. దీన్ని "తర్వాత చూద్దాం" అనడానికి వీల్లేదు. ఆ బేరింగు ఆడుతున్నంతకాలం సీళ్లు పోతూనే ఉంటాయి.

మొదటి కారణమే అయితే లెక్క ఇలా. సీలూ, ఫ్లైవీల్ లోపలి రబ్బరు ఓ-రింగూ తీసేసి, రెండే షిమ్‌లు వేసి, ఫ్లైవీల్ ఎక్కించి నట్ గట్టిగా బిగించి కొలవండి. వచ్చినదాంట్లోంచి 0.10 తీసెయ్యండి. మిగిలింది మూడో షిమ్ మందం. ఉదాహరణకు 0.44 వస్తే మూడోది 0.34. షిమ్‌లు 0.24, 0.30, 0.32, 0.34, 0.36 మి.మీ. మందాల్లో వస్తాయి. ప్రతిదాన్నీ మైక్రోమీటరుతో చూశాకే వెయ్యండి, మీద రాసిన అంకెను నమ్మి కాదు. అన్నీ సరిపోయాక మళ్లీ విప్పి, సీలు అంచు ఎటూ వంగకుండా కూర్చోబెట్టి, ఓ-రింగ్ వేసి మూయండి.

గ్లాండ్ నట్ బిగింపు 350 న్యూటన్ మీటర్లు. మామూలు టార్క్ పానా అంత దాకా పోదు. 80 కిలోల మనిషి తన బరువంతా సాకెట్టు మధ్య నుంచి 45 సెం.మీ. దూరంలో వేస్తే వచ్చే బలం అది. ఫ్లైవీల్‌ను ఇనప పట్టీతో కేసుకు కట్టేశాకే ఆ బలం వెయ్యాలి, పళ్ల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి కాదు. పన్ను విరిగితే స్టార్టరు అక్కడికొచ్చినప్పుడల్లా జారుతుంది.

ఇంజన్ బయట ఉన్నప్పుడే ఇంకొకటి చూడండి. సిలిండర్ల కింద రెండు రేకులుంటాయి, ఫ్యాన్ గాలిని సిలిండర్ల చుట్టూ తిప్పడానికి. పైకి కనిపించవు కాబట్టి బగ్గీలు కట్టినవాళ్లు కొందరు అనవసరమని తీసి పారేశారు. అవి లేకుంటే గాలి సిలిండర్ల కిందివైపును తాకకుండా జారిపోతుంది. 1971కి ముందరి ఫ్యాన్ కవరులో ఆయిల్ కూలరు మూడో సిలిండరుకు వెళ్లే గాలికి అడ్డంగా ఉంటుంది, అది అసలే వేడిది. ఆ రేకులు లేని ఇంజన్‌లో మూడో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు ముందుగా తెగుతుంది. రేకుల జత ఖర్చు చాలా తక్కువ, వేసేయండి.

టన్నెల్ లోపల

ఇప్పుడు పాన్ ఖాళీగా ఉంది. కోసి అతికిన చోటు వెతకండి. పైన రంగు, కింద తారు, మధ్యలో పుట్టీ ఉంటాయి. తీగ బ్రష్షుతో లోహం కనిపించేదాకా గీకండి. చిన్న సుత్తితో అతుకు వెంట మెల్లగా తట్టుకుంటూ పొండి. మంచి రేకు గంటలా మోగుతుంది, తుప్పు తిన్నది పుచ్చుపట్టిన గుమ్మడికాయలా డొల్లగా పలుకుతుంది. అనుమానమున్నచోట ములుకుతో పొడవండి. బ్యాటరీ పెట్టే చోటు, వెనక సీటు కింద కుడివైపు, తప్పకుండా పొడవండి. యాసిడ్ మొదట తినేది అక్కడే.

తర్వాత కొలత. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం కుడి వైపు, ఎడమ వైపు వేరువేరుగా తీయండి. వెనక సస్పెన్షన్‌ను మోసే అడ్డ గొట్టమైన టార్షన్ ట్యూబు చివరి నుంచి ముందు చక్రాలను మోసే బీము బోల్టుకు మూలకు మూల కూడా కొలవండి. మా లెక్కలో తేడా 3 మి.మీ. లోపుంటే కదిలించొద్దు. 6 మి.మీ. దాటితే బండి పక్కకు లాగుతుంది, అతుకు తెరవాల్సిందే. మధ్యలో ఉంటే అతుకు నాణ్యత చూసి నిర్ణయించుకోండి. టన్నెల్‌కు పక్కలా కిందా కూడా అదనపు పట్టీ వేసి ఉంటే నమ్మవచ్చు. రేకు అంచుకు అంచు పెట్టి పైపైన చుక్కలు పెట్టి వదిలేసి ఉంటే, ఎంత సూటిగా ఉన్నా నమ్మకూడదు. తెరిచేటప్పుడు ఛాసిస్ నంబరున్న ముక్కను ముట్టుకోవద్దు. ఆ అంకెలు పోతే బండికి కాగితాలూ పోతాయి.

అందరూ మరిచేది టన్నెల్ లోపలి పెట్రోలు గొట్టాన్ని. పాన్ పొట్టి చేసినప్పుడు ఆ ఉక్కు గొట్టాన్నీ కోశారు. కొందరు దాన్ని ఓ రబ్బరు ముక్కతో లోపలే కలిపేశారు. ఆ రబ్బరు యాభై ఏళ్లుగా చీకట్లో ఉంది. అమెరికాలో ఇప్పటి పెట్రోల్లో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరును అది మెత్తబరిచి చీలుస్తుంది. గేరు లివరు రంధ్రంలోంచి సన్నటి కెమెరా దించి చూడండి. లోపల రబ్బరు కనిపిస్తే పరీక్షలు అక్కర్లేదు, ఆ గొట్టాన్ని రెండు చివరలా మూసి వదిలేసి కొత్త ఉక్కు గొట్టం వెయ్యండి. బయట వాడే రబ్బరు మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అనే పెట్రోలు గొట్టాల ప్రమాణం గుర్తు అచ్చయి ఉండాలి. పెట్రోలు ఫిల్టరును, స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటరు మీద వేలాడదీయకండి. ఈ ఇంజన్ కేసు మెగ్నీషియం మిశ్రమం. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఇంకా రేగుతుంది. అందుకే ఈ గొట్టం పని వాయిదా వెయ్యొద్దు.

గేరు రాడ్ కూడా ఆ 362 మి.మీ. కోసి అతికిందే. అతుకు కాస్త మెలి తిరిగినా ఒక గేరు పడదు, లేదా రివర్సు వెతుక్కోవాలి. గేరుబాక్సు పోయిందని కొత్తది కొనకముందు ఈ రాడ్‌ను బయటికి లాగి, బల్లమీద దొర్లించి చూడండి. తిన్నగా దొర్లకపోతే జబ్బు అందులోనే.

బ్రేకుల మాట ఒక్క ముక్కలో: ఆలోచన అక్కర్లేదు, మాస్టర్ సిలిండరు, నాలుగు వీల్ సిలిండర్లు, నాలుగు రబ్బరు గొట్టాలు కొత్తవి.

జాబితా మళ్లీ రాసుకోవడం

ఒక నోటు పుస్తకంలో మూడు పేజీలు తీయండి. మొదటిదాంట్లో బండి నిప్పంటుకోవడానికో, ఆగకపోవడానికో, విరగడానికో దారితీసేవి: పెట్రోలు గొట్టం, బ్రేకులు, అతుకు, అరిగిన బేరింగు గూడు. రెండోదాంట్లో ఇప్పుడు తెరిచి ఉంది కాబట్టి చవకగా అయిపోయేవి, తర్వాతైతే మళ్లీ ఇంజన్ దించాల్సినవి: క్లచ్చి ప్లేటు, రిలీజ్ బేరింగు, గేరుబాక్సు షాఫ్ట్ సీలు, కింది రేకులు. మిగతావన్నీ మూడో పేజీకి. క్రోము, పెద్ద కార్బురేటర్లు, వెడల్పు చక్రాలు, 1776 సీసీ సిలిండర్లు అక్కడే ఉండాలి. ఇంజన్ ఎలాగూ విప్పాం కదా అని మూడో పేజీ నుంచి ఒక్కటి రెండో పేజీకి జారనిచ్చినా దాని వెనకే పదివస్తాయి. పెద్ద సిలిండర్లంటే కేసు రంధ్రాలు పెద్దవి చేయించాలి, కార్బురేటర్లు మార్చాలి, వేడి పెరుగుతుంది కాబట్టి ఆయిల్ కూలరు మార్చాలి. రంగు ఇంకా డబ్బాలోనే ఉంటుంది. మొదటి పేజీకి మాత్రం డబ్బు చూసుకోవద్దు.

అభ్యాసం

రెండు షిమ్‌లతో కొలిస్తే 0.42 వచ్చింది. మూడోది ఎంత ఉండాలి? లెక్క కట్టాక కిందికి రండి: 0.32.

నాలుగో పాఠానికి ఈ అంకెలు మీ పుస్తకంలో రాసి ఉంచుకోండి: ఎండ్ ప్లే, ఇరుసుల మధ్య దూరం కుడీ ఎడమా, మూలకు మూల రెండు కొలతలు, పాన్‌లో ములుకు దిగిన చోట్ల బొమ్మ. వచ్చే పాఠంలో వెనక స్ప్రింగులుగా పనిచేసే టార్షన్ బార్లు తిప్పి బండి ఎత్తు సరిచేస్తాం. ఒక్కో బారు లోపలి చివర 40 పళ్లు, బయటి చివర 44. లోపల ఒక పన్ను ఒకవైపుకు, బయట ఒక పన్ను రెండోవైపుకు తిప్పితే ఒక్క డిగ్రీ కన్నా తక్కువ మార్పు వస్తుంది. ఎలాగో ముందుగానే లెక్కవేసి చూడండి. అప్పటిదాకా టార్షన్ బారు బయటి చివరకు బిగిసి ఉండే స్ప్రింగ్ ప్లేటు కవరు బోల్టులు ముట్టుకోకండి. ఆ ప్లేటు బిగుతులో ఉంది, కింద జాకీ లేకుండా స్టాపు దాటించారంటే వేళ్లు నలిగిపోతాయి.