సంతకం పెట్టే ముందు రే కథ వినండి

రే అంటే ఎవర్నో పిలుస్తున్నానని అనుకోకండి, లండన్ సింగర్ పేరే అది. అసలు పేరు రేచల్ కీన్, 1997లో పుట్టింది. పోయిన నెల మా పిన్ని కూతురు, అక్కడే చదువుకుంటూ పాటలు రాసుకుంటోంది, ఓ చిన్న లేబుల్ (పాటలు రికార్డ్ చేయించి రిలీజ్ చేసే కంపెనీ) వాళ్లు ఇచ్చిన అగ్రిమెంట్ వాట్సాప్‌లో పంపి "అన్నయ్యా, సంతకం పెట్టేయనా?" అంది. తనకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా.

రే 2014లో పాలిడార్ అనే పెద్ద లేబుల్‌తో నాలుగు ఆల్బమ్‌ల డీల్ చేసుకుంది. ఆ తర్వాత సింగిల్స్ వచ్చాయి, వేరేవాళ్ల డాన్స్ పాటల్లో గొంతు వినిపించింది, బియాన్సే పాడిన ఓ పాట రాయడంలోనూ తన చెయ్యి ఉంది, కానీ 2021 జూన్ దాకా సొంత పూర్తి ఆల్బమ్ మాత్రం రాలేదు. ఆ నెలలో తన ఆల్బమ్ రానివ్వట్లేదని ట్విట్టర్‌లో గోడు వెళ్లబోసుకుంది, జులైకల్లా లేబుల్ నుంచి బయటపడింది.

ఇక్కడ అందరూ పొరబడేది ఒకటుంది. నాలుగు ఆల్బమ్‌ల డీల్ అంటే లేబుల్ నాలుగూ రిలీజ్ చేసి తీరుతుందని కాదు, అడిగితే మీరు నాలుగూ ఇవ్వాలని. అందుకే అగ్రిమెంట్‌లో మొదట వెతకాల్సింది డబ్బు కాదు, రిలీజ్ మాట. రికార్డింగ్ ఇచ్చాక ఇన్ని నెలల్లో బయటికి తేకపోతే నేను వెళ్లిపోవచ్చు, పాట నాకు తిరిగొస్తుంది అని రాసి ఉందా? లేకపోతే రాయించండి. బ్రిటన్‌లో సంగీతం వాళ్ల సంఘం మ్యూజిషియన్స్ యూనియన్‌లో చేరితే అగ్రిమెంట్ చూసి సలహా ఇస్తారు, లేదా మ్యూజిక్ కేసులు చూసే లాయర్‌కి చూపించండి. లేబుల్ వాళ్లు చూపించే లాయర్ వద్దు బాబూ.

రెండోది, పాట ఒక ఆస్తి, దాని రికార్డింగ్ ఇంకో ఆస్తి. మాటలు, బాణీ మీవైతే రాసినవాళ్ల వాటా మీది. రికార్డింగ్‌ని మాస్టర్ అంటారు, అది ఎవరి పేరున ఉంటే పెత్తనం వాళ్లది. బ్రిటన్‌లో రాయల్టీ డబ్బు వసూలు చేసి పంచే సంస్థలు పాటకి పీఆర్ఎస్, రికార్డింగ్‌కి పీపీఎల్, రెండిట్లోనూ విడివిడిగా నమోదు చేసుకోవాలి, ఒకటి చేసి ఊరుకుంటే రెండో డబ్బు రాదు. స్టూడియోలో నలుగురు కలిసి రాస్తే ఎవరి వాటా ఎంతో ఆ రోజే కాగితం మీద పెట్టి అందరి సంతకాలు తీసుకోండి. మొహమాటంగానే ఉంటుంది, కానీ పాట హిట్టయ్యాక అడగడం అంతకన్నా కష్టం.

మాస్టర్ మీ దగ్గరే పెట్టుకోవాలంటే పాటల్ని స్పాటిఫై లాంటి యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూషన్ కంపెనీ ద్వారా రిలీజ్ చేసుకోవచ్చు, ఫీజో కమిషనో తీసుకుంటారు. రే ఈ దారే పట్టింది. 2022 అక్టోబర్‌లో వచ్చిన 'ఎస్కేపిజం' టిక్‌టాక్‌లో పాకి, 2023 జనవరిలో బ్రిటన్ చార్టులో నంబర్ వన్ అయింది, ఫిబ్రవరిలో మొదటి ఆల్బమ్, 2024లో ఒక్క రాత్రే బ్రిటన్ సంగీత పురస్కారాలైన బ్రిట్ అవార్డులు ఆరు, అంతకుముందు ఎవరికీ ఒకేసారి అన్ని రాలేదు. అయితే ఇది చూసి రేపే లేబుల్‌ని వదిలేయకండి. ఆమె వెనక అప్పటికే ఏడేళ్ల అనుభవం, పరిచయాలు ఉన్నాయి. ఖర్చంతా మీ నెత్తినే పడుతుంది.

ఇంకోటి, మనవాళ్లకి చాలా ముఖ్యం. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఎంటర్‌టైనర్‌గా పని చేయకూడదు, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కూడా కుదరదు. పబ్‌లో డబ్బు తీసుకుని పాడినా ఇబ్బందే. ముందు యూనివర్సిటీలో వీసా సంగతులు చూసేవాళ్లని అడగండి.

ఇంత చెప్పాక మా చెల్లి చివరికి చేసింది ఇదీ. అగ్రిమెంట్ సొరుగులో పెట్టేసింది, పాటలు మాత్రం రాస్తోంది, రాసిన ప్రతిదీ తేదీ వేసి నాకూ పంపుతోంది.