చరిత్ర పురుషుల జీవితాలు చదవడం ఎలా? 3వ పాఠం: కిరీటం ఎవరి హక్కు?

గత పాఠంలో ఒక మనిషి జీవితాన్ని తేదీల వరుసలో రాసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి ఆ వరుస పక్కన ఇంకో గడి గీసి, పైన ‘ఎవరి హక్కు?’ అని రాయండి. పదవి వచ్చిందని చదివిన ప్రతిచోటా అది పుట్టుకతో వచ్చిందా, పెళ్లి వల్లా, పిల్లల తరఫునా, ఒప్పందం మీదా అన్నది అందులో నింపాలి. మధ్యయుగపు యూరప్ చరిత్ర చదివేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

సాధనకు జాన్ ఆఫ్ బ్రియెన్‌ను తీసుకుందాం. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో ఒక ప్రభువు ఇంట చిన్నకొడుకు. 1208లో, యూరప్ నుంచి వెళ్లిన క్రైస్తవ యోధులు (క్రూసేడర్లు) స్థాపించిన జెరూసలేం రాజ్యం నుంచి రాయబారులు వచ్చి, తమ రాణి మరియాకు వరుణ్ణి చూసిపెట్టమని ఫ్రాన్స్ రాజు రెండో ఫిలిప్‌ను అడిగారు. ఆయన జాన్‌ను ఎంపిక చేశాడు. అప్పటికి ఆ రాజ్యానికి జెరూసలేం పేరే మిగిలింది. 1187లో ముస్లిం సుల్తాన్ సలాదీన్ నగరాన్ని గెలుచుకున్నాక సముద్రతీరం వెంబడి కొంత భూమి, రాజధానిగా ఏకర్ రేవు పట్టణం మాత్రమే ఉన్నాయి.

1210 సెప్టెంబరులో జాన్ ఏకర్‌లో దిగాడు. మర్నాడే పెళ్లి. అక్టోబరు 3న టైర్ నగరంలో పట్టాభిషేకం. మొదటి గడిలో ‘1210, రాజయ్యాడు’ అని రాస్తాం. రెండో గడిలో ‘భార్య హక్కు’ అని రాయాలి. మరియాకు సింహాసనం తల్లి నుంచి వచ్చింది. జాన్ ఆమె భర్త కాబట్టి రాజు.

ఇప్పుడు 1212 దగ్గర కాస్త ఆగండి. కూతురు ఇసబెల్లాను కన్న కొద్ది రోజులకే మరియా చనిపోయింది. చాలామంది ఈ ముక్క చదివి ‘పాపం’ అనుకుని ముందుకు వెళ్లిపోతారు. కానీ జాన్ జీవితంలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే. కిరీటం హక్కు జాన్‌కు రాలేదు, ఆ పసిబిడ్డకు వెళ్లింది. ఆయన రాజు అనే పిలిపించుకున్నాడు, పాలించాడు, యుద్ధాలు చేశాడు. గడిలో మాత్రం ‘భార్య హక్కు’ కొట్టేసి ‘కూతురి తరఫున’ అని రాసుకోవాలి.

ఈ గడి పెట్టుకుని చదివితే అయిదో క్రూసేడ్ (క్రైస్తవుల మతయుద్ధం) కూడా తేటపడుతుంది. 1219 నవంబరులో క్రూసేడర్లు ఈజిప్టులోని డామియెట్టాను పట్టుకున్నారు. అంతకుముందే, వాళ్లు ఈజిప్టు వదిలిపోతే జెరూసలేం ఇస్తానని సుల్తాన్ అల్-కామిల్ కబురు పెట్టాడు. జాన్ ఒప్పుకుందామన్నాడు, పోప్ ప్రతినిధి పెలాగియస్ కుదరదన్నాడు. 1220లో జాన్ సేనను వదిలి వెళ్లాడు. అది పిరికితనం అని తేల్చేయకముందు రెండో గడి చూడండి. రెండో భార్య స్టెఫనీ ఆర్మీనియా రాజు కూతురు. ఆ రాజు చనిపోవడంతో అక్కడి సింహాసనం కోసం బయల్దేరాడు. మళ్లీ భార్య హక్కే! కొద్ది కాలానికే స్టెఫనీ, వాళ్ల పసికొడుకు చనిపోయారు. దాంతో ఆ ఆశ కూడా పోయింది. 1221లో తిరిగొచ్చేసరికి సేన నైలు వరదల వైపు నడుస్తోంది. ఆగస్టులో లొంగిపోక తప్పలేదు, డామియెట్టా కూడా చేజారింది.

1225లో ఇసబెల్లాను పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి రెండో ఫ్రెడరిక్‌కు ఇచ్చి బ్రిండిసిలో పెళ్లి చేశారు. తర్వాత ఏమై ఉంటుందో మీ గడి చూసి మీరే చెప్పండి. తాను బతికున్నంత కాలం రాజుగా ఉంటానని జాన్ నమ్మాడు. ఫ్రెడరిక్ మాత్రం పెళ్లి కాగానే ‘నేనే జెరూసలేం రాజును’ అన్నాడు. ఆ నేల కోసం పదిహేనేళ్లు కష్టపడిన మనిషిని అలా పక్కకు నెట్టేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. అయినా 1210లో జాన్ ఏ దారిన రాజయ్యాడో, ఫ్రెడరిక్ కూడా ఆ దారినే వచ్చాడని గమనించండి.

అభ్యాసం: 1229లో కాన్‌స్టాంటినోపుల్‌లో క్రూసేడర్లు స్థాపించిన లాటిన్ సామ్రాజ్యం ప్రభువులు జాన్‌ను పిలిచారు. అక్కడి చక్రవర్తి రెండో బాల్డ్విన్ ఇంకా కుర్రవాడు. జాన్ కూతురు మేరీని అతనికిచ్చి పెళ్లి చేయాలని, జాన్ జీవితాంతం చక్రవర్తిగా ఉండాలని ఒప్పందం రాసుకున్నారు. 1231లో పట్టాభిషేకం జరిగింది, 1237లో చనిపోయేదాకా జాన్ ఆ పదవిలోనే ఉన్నాడు. ఈ వరుసకు రెండో గడి మీరు నింపండి. 1225లో జాన్ పోగొట్టుకున్నదేమిటో, 1229లో రాయించుకున్నదేమిటో పక్కపక్కన పెట్టి నాలుగు వాక్యాలు రాయండి.

వచ్చే పాఠంలో వయసు లెక్క చూద్దాం. కాన్‌స్టాంటినోపుల్‌కు వచ్చేనాటికి జాన్‌కు ఎనభై ఏళ్లని గ్రీకు చరిత్రకారుడు జార్జ్ అక్రోపొలిటిస్ రాశాడు. ఇప్పటి చరిత్రకారులు అరవై దాటి ఉండొచ్చంటారు. ఎవరి మాట నిలుస్తుందో తేల్చే పద్ధతి నేర్చుకుందాం.