యాక్సెస్‌లో డేటా ఎంట్రీ ఫారం తయారు చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వివరాలు భద్రపరిచే డేటాబేస్ ప్రోగ్రాం అయిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఫారం (వివరాలు నింపే తెర) మొదలుపెట్టే ముందు, వివరాలు నింపబోయే గుమాస్తా రిజిస్టరులో ఏ గడి తరువాత ఏ గడి రాస్తున్నారో గమనించి, ట్యాబ్ నొక్కితే కర్సర్ అదే వరుసలో కదిలేలా చూసుకోవాలి.

ఫోన్ నంబర్లను, ఖాతా సంఖ్యలను టెక్స్ట్ రకంగానే ఉంచండి. నంబర్ రకంగా పెడితే మొదట ఉన్న సున్నాలు నిలవవు. తేదీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. విండోస్‌లో ప్రాంతీయ అమరిక అమెరికా పద్ధతిలో ఉంటే, 05-04-2024 అని కొట్టిన ఏప్రిల్ 5 కాస్తా మే 4గా నమోదవుతుంది, పైగా హెచ్చరిక ఏదీ రాదు.

ఒకరు రాజమండ్రి అని, మరొకరు రాజమహేంద్రవరం అని కొడితే ఊరివారీ లెక్క తేలదు కనుక, ఊరి పేర్లకు కాంబో బాక్స్ (జాబితా నుంచి ఎంచుకునే గడి) పెట్టి, జాబితాలో లేని పేరును అంగీకరించకుండా దాని ‘లిమిట్ టు లిస్ట్’ అమరికను ‘యెస్’ చేయాలి. తప్పనిసరి గడులు తక్కువగా ఉండటమే మేలు. అన్నింటినీ తప్పనిసరి చేస్తే జనం చుక్క పెట్టి ముందుకు పోతారు.

తరువాతి రికార్డుకు (మరొకరి వివరాల వరుసకు) వెళ్లగానే మార్పులు వాటంతటవే సేవ్ అవుతాయని, అంతకుముందే ఎస్కేప్ నొక్కితే రద్దవుతాయని వాడేవారికి ముందుగా చెప్పాలి. నలుగురు వాడేటట్లయితే టేబుళ్లను (నింపిన వివరాలు నిలవుండే పట్టికలను) వేరే ఫైలులో నెట్‌వర్క్‌పై ఉంచి, ఫారాల ఫైలును ఎవరిది వారికి ఇవ్వాలి. బ్యాకప్ తీయవలసింది టేబుళ్లున్న ఫైలునే.