క్లచ్ తొక్కినా గేరు పడటం లేదా? ముందు ఆయిల్ డబ్బా మూత తీయండి

పోయిన మే నెలలో ఒంగోలు నుంచి కావలి వస్తూ టంగుటూరు టోల్‌గేటు దగ్గర లైన్‌లో ఆగాను. కదలాల్సి వచ్చేసరికి ఫస్ట్ గేరు పడలేదు. క్లచ్ పెడల్ మెత్తగా అడుగుకంటా దిగిపోయింది. వెనక లారీల హారన్లు, నాకు ఒకటే టెన్షన్. గబగబా నాలుగుసార్లు తొక్కితే గేరు పడింది. కావలిలో మొదట చూపించిన షెడ్డులో క్లచ్ ప్లేట్లు పోయాయి, గేర్‌బాక్స్ దించాలన్నారు. తీరా చూస్తే పోయింది స్లేవ్ సిలిండర్‌లోని రబ్బరు వాషర్. పెడల్ తొక్కితే లైన్‌లో వచ్చే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసేది ఈ సిలిండరే.

నాలుగుసార్లు తొక్కితే గేరు పడిందంటేనే అనుమానం ఆయిల్ లైన్ మీదికి పోవాలి. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. లైన్‌లో గాలి చేరితే మన కాలి బలం దాన్ని నొక్కడానికే సరిపోతుంది, క్లచ్ పూర్తిగా విడిపోదు. రివర్స్ గేరు వేసేటప్పుడు గరగరమనేది అందుకే. ప్లేట్లు అరిగితే ఎక్కువగా కనపడే లక్షణం వేరు: ఇంజన్ అరుస్తుంది, బండి లాగదు, మాడు వాసన వస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు అది బాగా బయటపడుతుంది. దానికి గాలి తీసి లాభం లేదు.

మీ బండికి క్లచ్ కేబుల్ ఉంటే ఇదంతా వర్తించదు. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఒకటే ఆయిల్ డబ్బా. మట్టం తగ్గిందంటే బ్రేకు ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి. పెడల్ పైన మాస్టర్ సిలిండర్ (ఆయిల్‌ను లైన్‌లోకి నెట్టేది) రాడ్ దగ్గర, కింద గేర్‌బాక్స్ పక్కన స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగులో తడి ఉందేమో వేలు పెట్టి చూడండి. కారుడు ఆపకుండా గాలి తీస్తే మళ్లీ మొదటికే వస్తుంది. బయట చుక్క తడి లేకపోయినా, తొక్కి పట్టిన పెడల్ మెల్లగా కిందికి జారుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్ పోయినట్టు. కొన్ని బండ్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. అది కారితే మాత్రం గేర్‌బాక్స్ దించక తప్పదు.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. చక్రాలకు ఇటుకలు పెట్టండి. డబ్బాను బ్రేకు ఆయిల్‌తో నింపండి, మూత మీద దాని రకం డాట్ 3 అని ఉంటే డాట్ 3, డాట్ 4 అని ఉంటే డాట్ 4. ఇంజనాయిల్ చుక్క కూడా పడకూడదు, రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. స్లేవ్ సిలిండర్ మీద గాలి తీయడానికి ఉండే నిపుల్‌కు పారదర్శకమైన ట్యూబు తొడిగి, రెండో కొస కొంచెం ఆయిల్ పోసిన సీసాలో మునిగేలా పెట్టండి. లోపలి మనిషి మెల్లగా మూడు నాలుగుసార్లు తొక్కి పట్టాలి. మీరు నిపుల్ అర చుట్టు వదలండి, బుడగలతో ఆయిల్ వస్తుంది. నిపుల్ బిగించి "వదులు" అన్నాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. బుడగలు ఆగేదాకా ఇదే పని. మధ్యమధ్యలో డబ్బా చూస్తూ ఉండండి, అడుగంటితే మొదటి నుంచీ చేయాలి. డబ్బా ఒకటే అయితే బ్రేకుల్లోకి కూడా గాలి పోతుంది. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోయండి.

ఆయిల్ నల్లగా వస్తే మొత్తం మార్చేయండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మనది సముద్రపు గాలి ఉన్న చోటు. కొత్త డాట్ 3 మరిగే వేడి కనీసం 205 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టాక అది 140 దాకా పడిపోవచ్చు. నేను రెండేళ్లకోసారి మారుస్తున్నాను.

గాలి తీశాక పెడల్ గట్టిగా ఉండి, క్లచ్ జారడం (ఇంజన్ అరిచినా బండి లాగకపోవడం) మొదలైతే పుష్‌రాడ్, అంటే పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌లోకి పోయే రాడ్ చూడండి. పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట్లో కొద్దిగా ఖాళీగా కదలాలి. ఆ ఖాళీ లేకపోతే ఆయిల్ డబ్బాలోకి తిరిగి రాదు, క్లచ్ సగం తొక్కినట్టే ఉండిపోతుంది. రాడ్‌ను కదలకుండా పట్టే లాక్‌నట్ వదులు చేసి రాడ్‌ను కొంచెం కొంచెంగా తిప్పి ఆ ఖాళీ తెప్పించి, మళ్లీ బిగించండి. ఎంత ఉండాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది.